చెవి పోటుకు చెవిలో చుక్కలు వేస్తే తగ్గడం లేదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే గోడు. చెవి పోటు, దానికి తోడు దవడ పట్టేసినట్టు ఉండడం. అందరూ ఒకే జబ్బు అనుకుని రాశారు కానీ చదువుతూ పోతే ఒక్కొక్కరిది ఒక్కో కారణం. కొందరిది ఇంట్లో జాగ్రత్త పడితే సర్దుకునేది, ఇద్దరు ముగ్గురిది మాత్రం ఈ జవాబు చదివిన రోజే ఆస్పత్రికి బయల్దేరాల్సినది. అందుకే అన్నీ ఒకచోట పెట్టి జవాబిస్తున్నాను. అడిగినవాళ్ళ పేర్లు తీసేశాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. నాకు 34 ఏళ్ళు, అనంతపురంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. కొన్ని నెలలుగా కుడి చెవి పోటు. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటుంది, ఆవులిస్తే చెవి ముందర టక్‌మని శబ్దం వస్తుంది, గట్టివి నమిలితే నొప్పి కణత దాకా పాకుతుంది. యాంటీబయాటిక్స్ వాడాను, చుక్కల మందులు మార్చి మార్చి వేశాను. ఈఎన్‌టీ డాక్టర్ చూసి చెవి శుభ్రంగా ఉంది, ఏమీ లేదు అన్నారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? మా అత్త తెల్లగడ్డ నూనె కాచి వెయ్యమంటోంది. రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నానని మా ఆయన అంటాడు. మెదడులో ఏమైనా ఉందేమోనని భయంగా ఉంది, స్కాన్ తీయించుకోవాలా?

జవాబు: ముందు ఆ భయం పక్కన పెట్టండమ్మా. మీరు రాసినవన్నీ మెదడు వైపు కాదు, దవడ కీలు వైపు చూపిస్తున్నాయి. మీ ఈఎన్‌టీ డాక్టర్ చెప్పింది కూడా నిజమే, చెవిలో ఏమీ లేదు. నొప్పి మాత్రం నిజం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చని మనవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పరు, అందుకే మీలాంటివాళ్ళు నెలల తరబడి చుక్కల మందులు కొంటూ తిరుగుతుంటారు.

ఒక పని చేయండి. చెవి రంధ్రానికి ముందర చిన్న బుడిపె ఉంటుంది కదా, రెండు వైపులా దానికి కాస్త ముందు చూపుడు వేళ్ళు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేళ్ళ కింద గుండ్రంగా ఏదో తిరిగి ముందుకు జారుతుంది. అదే దవడ కీలు. చెవి రంధ్రానికీ దానికీ మధ్య ఉండేది పలుచని ఎముక గోడే. ఇప్పుడు మీ కుడి వైపు వేలు కాస్త నొక్కితే 'ఇదే నా చెవి నొప్పి' అనిపిస్తుందా? తర్వాత పళ్ళు గట్టిగా బిగించి చెంపల మీద చెయ్యి పెట్టుకోండి, గట్టిగా పొంగే కండ ఒకటి తగులుతుంది. పళ్ళు వదిలేసి దాన్ని వేళ్ళతో ఒత్తి చూడండి. అక్కడా నొప్పి ఉండి, అది చెవిలోకి పాకినట్టు అనిపిస్తే మీ సమస్య సగం తేలిపోయినట్టే.

అక్కడి నొప్పి చెవిలో ఎందుకు తెలుస్తుందంటే, దవడ కీలుకీ, చెవి రంధ్రం ముందు గోడకీ, కర్ణభేరిలో కొంత భాగానికీ కబురు మోసేది ఒకే నరం. ఒకే స్తంభం మీంచి రెండిళ్ళకు కరెంటు లాగినట్టు అనుకోండి, తేడా ఏ ఇంట్లో వచ్చిందో మెదడుకు తెలియక చెవి పేరు చెప్పేస్తుంది. ఆ మాటకొస్తే చెవికి వచ్చే నరాలు ఒకటి కాదు. పళ్ళు, నాలుక వెనక భాగం, టాన్సిల్స్, గొంతు, మెడ, వీటన్నిటికీ వెళ్ళే నరాల కొమ్మలు చెవికీ వస్తాయి. అందుకే చెవిలో లోపం కనిపించని చెవి పోటు వస్తే నోరు, పళ్ళు, గొంతు, దవడ వరసగా చూడాలి. అలా చూడకుండా చెవిలోనే మందు పోస్తూ కూర్చోవడం వల్ల డబ్బు, కాలం రెండూ పోతాయి.

మీ విషయంలో దవడ కీలు, దాన్ని కదిలించే కండరాలు అలిసిపోయాయి. నిద్రలో పళ్ళు కొరకడం దానికి ఒక పెద్ద కారణం. పగలు కూడా చాలామంది తమకు తెలియకుండానే పళ్ళు బిగించి పనిచేస్తారు. నెలాఖరు లెక్కలు, ఆడిటింగ్ టెన్షన్, స్క్రీన్ వైపు మెడ చాచి గంటల తరబడి కూర్చోవడం, ఇవన్నీ ఆ కండల మీదే పడతాయి. ఇంకోటి అడుగుతాను, ఎడమ వైపు పన్ను ఏదైనా పీకించుకుని అలాగే వదిలేశారా? అలా వదిలేసినవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే వైపు నమిలి ఆ వైపు కండను అలసగొడుతుంటారు. చూయింగ్ గమ్ అలవాటు, బోర్లా పడుకోవడం, దవడ కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం కూడా ఇందులోకే వస్తాయి. ఈ ఇబ్బంది మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, అదీ 20 నుంచి 40 ఏళ్ళ మధ్య ఎక్కువ కనిపిస్తుంది. చెవి దిబ్బడ వేసినట్టు, గుయ్‌మన్నట్టు ఉండడం కూడా దీంతో రావచ్చు.

టక్‌మనే శబ్దం గురించి మీరు ఎక్కువ ఆలోచించకండి. కీలు మధ్యలో చిన్న మెత్తటి పలక ఉంటుంది, అది కాస్త పక్కకు జరిగి మళ్ళీ చోటుకు వచ్చేటప్పుడు ఆ శబ్దం వస్తుంది. నొప్పి లేని శబ్దానికి వైద్యమే అక్కర్లేదు, శబ్దం పోగొట్టడానికి ఆపరేషన్ దాకా పోవడం అసలే వద్దు. నోరు సగంలో ఇరుక్కుపోయి తెరుచుకోకపోయినా, తెరిచిన నోరు మూతపడకపోయినా మాత్రం వెంటనే దంత వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

ఇక చేయాల్సింది. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మందు కాదు. రోజంతా పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు. తిండి నమిలేటప్పుడు తప్ప పై పళ్ళకు కింది పళ్ళతో పని లేదు. 'న' అన్నప్పుడు నాలుక కొస ఎక్కడ తగులుతుందో అక్కడే ఆనించి ఉంచుకుంటే దవడ దానంతట అదే వదులవుతుంది. ఇది గుర్తుండదు కాబట్టి మీ కంప్యూటర్ అంచున ఒక స్టిక్కర్ బొట్టు, సెల్‌ఫోన్ వెనక ఒకటి, వంటింట్లో గ్యాస్ పొయ్యి ఎదురుగా గోడకు ఒకటి అతికించుకోండి. బొట్టు కంటపడ్డ ప్రతిసారీ పళ్ళు కలిసి ఉన్నాయా అని చూసుకుని వదిలేయడమే. చెప్తే చిన్నగా అనిపిస్తుంది కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో దీన్ని పట్టుదలగా చేసినవాళ్ళు మందుల మీదే ఆధారపడినవాళ్ళకన్నా త్వరగా తేరుకుంటారు.

రెండు మూడు వారాలు దవడకు సెలవివ్వండి. కరకరలాడే జొన్నరొట్టె, వేయించిన బుడ్డలు, చెరకు ముక్కలు, మురుకులు, మటన్ బొమికలు కొరకడం ఇవన్నీ ఆపండి. మన సీమలో దీనికి సంకటి ఉండనే ఉంది, ముద్ద పప్పులోనో పులుసులోనో అద్ది మింగడమే తప్ప నమిలే పని పెద్దగా ఉండదు. ఉగ్గాని తినొచ్చు, పక్కన మిరపకాయ బజ్జి మెత్తగా ఉంటే అదీ ఫరవాలేదు. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ పెద్దగా తెరుచుకోకుండా ఆపండి.

రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి పావుగంట, చెంప మీద, చెవి ముందర వేడి కాపడం పెట్టండి. ఉప్పు మూట పెనం మీద వేడి చేసుకున్నా సరే, వేడినీళ్ళ రబ్బరు సంచి అయినా సరే, ముందు మణికట్టు మీద ఆనించి వేడి చూసుకుని పెట్టుకోండి. కాపడం అయ్యాక ఆ చెంప కండను వేళ్ళతో గుండ్రంగా, మెల్లగా రెండు నిమిషాలు రుద్దండి. రాత్రి వెల్లకిలా గాని పక్కకు గాని పడుకోండి, బోర్లా మాత్రం వద్దు.

నొప్పి బాగా ఉన్న రోజుల్లో ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాముల మాత్ర అన్నం తిన్నాక రోజుకు రెండు మూడు సార్లు, నాలుగైదు రోజులకు మించకుండా వాడొచ్చు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళూ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళూ, గర్భిణులూ దాని జోలికి పోకూడదు. బీపీ ఉంటే డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకండి. వీళ్ళలో చాలామందికి పారాసెటమాల్ నయం, కాలేయం జబ్బు ఉంటే మాత్రం అదీ డాక్టర్‌ని అడిగే వాడాలి. యాంటీబయాటిక్ మీకు అవసరం లేదు. బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ లేని చోట అది చేసే మేలు లేదు. మీ అత్తగారి తెల్లగడ్డ నూనె కూడా వద్దని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ కాగిన నూనె వేడి ఒక్కోసారి చెవి లోపలి చర్మాన్ని కాలుస్తుంది, కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికీ పోతుంది.

స్కాన్ ఇప్పుడు అక్కర్లేదు. దంత వైద్యుడి దగ్గర పళ్ళన్నీ ఒకే ఫిల్ములో పడే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీస్తే పుచ్చు పళ్ళు, జ్ఞాన దంతాల సంగతి తేలుతుంది. కీలు మధ్య పలక కనపడాలంటే ఎంఆర్ఐ కావాలి, అది మామూలు వైద్యంతో తగ్గనప్పుడు ఆలోచించాల్సింది. నెల రోజులు శ్రద్ధగా ఇవన్నీ చేసినా తగ్గకపోతే రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్, దవడకు ఫిజియోథెరపీ, రాత్రి పడుకునే ముందు తక్కువ మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటి మాత్ర, ఇలా మెట్టు మెట్టుగా పోతారు. ఆ తర్వాతెప్పుడో, చాలా తక్కువ మందికి, సూదితో కీలును కడిగే పద్ధతి ఉంది. ఎవరైనా తొలి రోజే మీ పళ్ళు అరగదీసి వరస సరిచేస్తే నొప్పి పోతుందంటే ఒప్పుకోకండి. అరగదీసిన పన్ను మళ్ళీ రాదు, ఈ నొప్పికి అది తొలి వైద్యం కానే కాదు.

ఒక్క మాట ఎక్కువైనా అడుగుతున్నాను. నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం, ఆఫీసు గుర్తొస్తేనే గుండె దడ, ఇవి కూడా ఉన్నాయా? ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైన్, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మనసు బిగుసుకుంటే దవడా బిగుసుకుంటుంది, దాన్ని వదిలేసి దవడకు మాత్రమే వైద్యం చేస్తే సగమే చేసినట్టు.

ప్రశ్న: సార్, మాది ఆదోని. వయసు 28, లారీ డ్రైవర్‌ని. నిద్ర రాకుండా ఉండడానికి గుట్కా, వక్కపొడి ఏడెనిమిదేళ్ళుగా వేస్తున్నా. ఈ మధ్య నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు, పెద్ద ముద్ద పెట్టలేను. కారం తగిలితే నోరంతా మంట. రెండు చెవులూ పోటు. దవడ కీలు అరిగిందని ఒకరు చెప్పారు, నిజమేనా?

జవాబు: లేదు నాయనా, నువ్వు రాసింది చదివితే అది కీలు అరుగుదలలా లేదు. అద్దం ముందు నిలబడి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మూడూ కలిపి నిలువుగా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టి చూడు. మామూలుగా మన మూడు వేళ్ళు పట్టాలి, కొలిస్తే 4 సెంటీమీటర్లు, ఆ పైన. రెండే పడుతున్నాయా? తర్వాత చెంప లోపలి వైపు వేలితో తడిమి చూడు. మెత్తగా జారాల్సిన చోట గట్టి తాళ్ళలా నిలువుగా తగులుతున్నాయా, లోపలి చర్మం తెల్లగా పాలిపోయి ఉందా? అలా ఉంటే దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. వక్కలోని రసాయనాల వల్ల నోటి లోపలి పొర సాగే గుణం పోయి నారలా బిగుస్తుంది. ఆ బిగుపు అంగిలి దాకా, ముక్కు వెనక నుంచి చెవికి పోయే గొట్టాన్ని తెరిచే కండల దాకా పాకితే చెవి దిబ్బడ, పోటు వస్తాయి.

నీకు సూటిగా చెప్పాలి. ఇది క్యాన్సర్ కాదు, కానీ కొందరిలో క్యాన్సర్‌గా మారగల జబ్బు. పొగాకు లేని ఉత్త వక్కపొడి అయితే ఏం కాదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కను మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. ఈ జబ్బు తెచ్చేదే వక్క, పొగాకు దాని మీద ఇంకో దెబ్బ. ప్యాకెట్ మీద పాన్ మసాలా అని ఉన్నా, సుపారీ అని ఉన్నా, మీఠా అని ఉన్నా లోపల ఉండేది అదే.

కాబట్టి ఈరోజే ఆపేయాలి, తగ్గించుకుంటూ పోతానంటే కుదరదు. మొదటి వారం చిరాకు, తలనొప్పి, నిద్రలేమి వస్తాయి, అవి ఓపిక పట్టాల్సినవి. పొగాకు ప్యాకెట్ల మీద ఉండే 1800-11-2356 నంబరు మానేయాలనుకునేవాళ్ళ కోసమే పెట్టింది, ఉచితం, సిగ్గుపడకుండా ఫోన్ చెయ్. లారీలో చెయ్యి ప్యాకెట్ వైపు పోయినప్పుడు వాము గాని సోంపు గాని వేసుకో. నిద్ర ఆపుకోవడానికే వేస్తున్నానని రాశావు. నిద్ర ముంచుకొస్తుంటే బండి పక్కన ఆపి అరగంట పడుకోవడం తప్ప దానికి వేరే మందు లేదు, అది నీ ప్రాణానికీ ఎదుటివాళ్ళ ప్రాణానికీ మంచిది.

వైద్యం ఉంది. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, నీకు దగ్గరైతే కర్నూలు సర్వజన వైద్యశాలకు పోయినా చూస్తారు. చెంప లోపల ఇంజెక్షన్లు, నోరు తెరిచే వ్యాయామాలు, మరీ బిగిసిపోతే ఆపరేషన్. బిగిసిన నోరు పూర్తిగా మునుపటిలా అవుతుందని నేను మాట ఇవ్వలేను, కానీ ఇప్పుడు ఆపితే ఇంతకన్నా బిగియకుండా చూసుకోవచ్చు. నోట్లో మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మెడలో గడ్డ, మింగితే నొప్పి, గొంతు బొంగురు, వీటిలో ఏ ఒక్కటి రెండు మూడు వారాలు దాటి ఉన్నా ముక్క తీసి పరీక్ష చేయించాల్సిందే. నీలాంటి అలవాటు ఉన్నవాళ్ళలో, చెవి బాగుండి ఒకే వైపు చెవి పోటు పెడుతుంటే గొంతు లోపల గొట్టం వేసి చూడకుండా నేను ఎవరినీ ఇంటికి పంపను. నాలుక మొదట్లో, టాన్సిల్‌లో పుట్టే క్యాన్సర్ కొందరిలో మొదట చెవి పోటుగానే బయటపడుతుంది.

ఈ జవాబును కొంచెం పొడుగ్గానే రాశాను. ఆదోని, గుంతకల్లు వైపు బంకుల దగ్గర ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లలు ఈ ప్యాకెట్లు చించుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చదివినవాళ్ళు ఇంట్లో పిల్లల చేత ఆ మూడు వేళ్ళ పరీక్ష ఒకసారి చేయించండి.

ప్రశ్న: మా నాయనకు 66 ఏళ్ళు, ప్రొద్దుటూరు. ఇరవై ఏళ్ళుగా షుగర్. నెల రోజులుగా ఎడమ చెవి పోటు, రాత్రయితే నిద్ర పోనివ్వదు, మూలుగుతానే ఉంటాడు. చెవి కొద్దిగా కారుతోంది. నమలడానికి దవడ నొప్పి అంటాడు. మొదట్లో చెవిలో దురద అని అగ్గిపుల్లతో తిప్పుకునేవాడు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నాం. షుగర్ పోయినసారి 300 పైన ఉంది.

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే ఆయన్ని ఈఎన్‌టీ డాక్టర్ ఉన్న పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. వారం ఆగి చూద్దాం అనుకోవద్దు. పాత షుగర్, చెవి కారడం, రాత్రిళ్ళు నిద్ర లేపేసే నొప్పి, నమిలితే దవడ నొప్పి, ఈ నాలుగూ కలిసి ఉంటే చెవి రంధ్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కింది ఎముకలోకి దిగిందేమో అని అనుమానించాలి. సూడోమోనాస్ అనే బాక్టీరియా దీనికి ఎక్కువగా కారణం. దీన్ని మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అంటారు. పేరులో మాలిగ్నెంట్, అంటే ప్రాణాంతకం, అని ఉన్నా ఇది క్యాన్సర్ కాదు, ఎముకకు పట్టిన ఇన్‌ఫెక్షన్. అశ్రద్ధ చేస్తే మూతి వంకర పోతుంది, మింగుడు పడదు, పుర్రె అడుగు భాగానికి పాకుతుంది.

అక్కడ చెవి శుభ్రం చేసి చీము పరీక్షకు పంపుతారు, సీటీ గాని ఎంఆర్ఐ గాని తీస్తారు, రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఈ మందు వారాల తరబడి, చాలామందికి 6 వారాలు ఆ పైన కూడా వాడాలి. నొప్పి తగ్గింది కదా అని పది రోజులకే ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. షుగర్ అదుపులోకి రాకుండా ఏ మందూ పూర్తిగా పనిచేయదు, కొన్నాళ్ళు ఇన్సులిన్ వేస్తామంటే ఒప్పుకోండి. ఒకసారి వేస్తే ఇక జీవితాంతం వేయాలేమో అన్న భయంతో చాలామంది పెద్దవాళ్ళు వద్దంటారు, ఇన్‌ఫెక్షన్ తగ్గాక చాలామందికి మళ్ళీ మాత్రలకే మారుస్తారు అని ఆయనకు నచ్చజెప్పండి. చెవిలో నీళ్ళు కొట్టి కడిగించడం, నూనె పోయడం, పుల్లలు పెట్టడం పూర్తిగా బంద్. అసలు షుగర్ ఉన్నవాళ్ళు చెవిలో గుబిలి తీయడానికి పిన్నీసు, అగ్గిపుల్ల, బస్టాండ్ దగ్గర చెవులు శుభ్రం చేసేవాళ్ళు, వీటి జోలికి ఎప్పటికీ పోకూడదు. గుబిలి దానంతట అదే బయటికి వస్తుంది, అది చెవికి కాపలా.

షుగర్ లేనివాళ్ళలో కూడా చెవి రంధ్రం ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఎండాకాలం కె.సి. కాలువలో ఈత కొట్టి వచ్చే పిల్లల్లో చూస్తుంటాం. చెవి డొప్ప పట్టి లాగితే, ముందున్న బుడిపె నొక్కితే ప్రాణం పోయినట్టు ఉంటుంది, దవడ కదిపినా నొప్పే. అది చెవి శుభ్రం చేసి వారం పది రోజులు చుక్కలు వేస్తే తగ్గుతుంది, ఆ కొన్నాళ్ళు తలస్నానానికి ముందు వాజలైన్ రాసిన దూది చెవి బయటి అంచున అడ్డం పెడితే చాలు.

ప్రశ్న: మేడమ్ గారైనా, సార్ అయినా జవాబివ్వండి. నేను తాడిపత్రి, 55 ఏళ్ళు, బీపీ మాత్రలు వేసుకుంటాను. మెట్లెక్కినా, బిందె ఎత్తినా ఎడమ దవడ, చెవి కింద లాగినట్టు నొప్పి. కూర్చుంటే పోతుంది. పన్ను పీకిస్తే పోతుందా?

జవాబు: పన్ను జోలికి పోకండమ్మా, ముందు గుండె పరీక్ష చేయించుకోండి. దవడ కీలు నొప్పి నమిలితే వస్తుంది, నడిస్తే రాదు. నడిస్తే వచ్చి, ఆగితే పోయే దవడ నొప్పి గుండెకు రక్తం చాలడం లేదని చెప్పే గుర్తు కావచ్చు. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో ఛాతీ నొప్పి లేకుండా ఇలా దవడలో, వీపులో, ఆయాసంగా కనిపించడం కొత్తేమీ కాదు. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ బాగుందంటే సరిపోదు, నడిపించి చూసే పరీక్ష, ఎకో అవసరమేమో డాక్టర్‌ని మీరే అడగండి. అప్పటిదాకా బిందెలు ఎత్తకండి. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, పది నిమిషాలకు తగ్గకపోయినా, చెమటలు పట్టినా, వాంతి వచ్చినట్టున్నా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నా. మా బాబుకు 7 ఏళ్ళు. జ్వరం, చెవి కింద వాపు, నోరు తెరవడానికి ఏడుస్తున్నాడు. చింతపండు చారు నోట్లో పెడితే కెవ్వుమంటున్నాడు. మా జేజి గవదలు అంటుంది, పసుపు, సున్నం పూత వేస్తే చాలంటుంది. టీకాలన్నీ వేయించాం కదా, ఎలా వచ్చింది?

జవాబు: మీ జేజి గుర్తు సరిగ్గానే పట్టారు. వాపు చెవి తమ్మెను పైకి, బయటికి నెట్టినట్టు ఉండడం, పులుపు తగలగానే నొప్పి లేవడం గవద బిళ్ళల గుర్తులే. పులుపుకు లాలాజలం ఊరాలి, ఆ గ్రంథే వాచి ఉంది కాబట్టి పోటు పెడుతుంది. ప్రభుత్వం ఉచితంగా వేసే ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లాకే రక్షణ ఉంటుంది, గవదలకు కావాలంటే ఎంఎంఆర్ వేయించాలి, అందుకే టీకాలన్నీ వేయించినా వచ్చి ఉండొచ్చు.

ఇది వైరస్, యాంటీబయాటిక్ పనిచేయదు. బరువును బట్టి పారాసెటమాల్ సిరప్, మెత్తటి తిండి, నీళ్ళు, మజ్జిగ పులుపు లేకుండా. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, అది వద్దు, తడిగుడ్డ చల్లగా పెట్టండి చాలు. వాపు మొదలైన దగ్గర్నుంచి 5 రోజులు బడికి పంపకండి. విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, వృషణాల్లో నొప్పి, ఒక చెవి వినపడకపోవడం, వీటిలో ఏదైనా ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి. వాపు మీద చర్మం ఎర్రబడి ఒకే వైపు గట్టిగా ఉంటే చీము గడ్డ కావచ్చు, అప్పుడూ చూపించాలి.

ప్రశ్న: కడపలో డిగ్రీ చదువుతున్నా, 20 ఏళ్ళు. కింది చివరి దంతం దగ్గర చిగురు వాచి చెవి దాకా నొప్పి. నోరు రెండు వేళ్ళే తెరుచుకుంటోంది. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి, నొప్పి బిళ్ళలతో నెట్టుకురావచ్చా?

జవాబు: జ్ఞాన దంతం సగం బయటికి వచ్చి, మీద చిగురు మూతలా ఉండి, కింద అన్నం మెతుకులు ఇరుక్కుని చీము పట్టి ఉంటుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించు, కానీ దాంతో సరిపెట్టుకోకు. రిమ్స్ దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు రేపే వెళ్తే ఆ చిగురు కింద కడిగి, అవసరమైతే మందు రాస్తారు, పరీక్షలయ్యాక పన్ను తీయించుకోవచ్చు. నొప్పి ఉన్న చెంపలో లవంగ నూనె, మాత్ర పొడి చేసి పెట్టుకోవద్దు, చిగురు కాలుతుంది. వాపు దవడ కిందకి, గొంతు వైపు దిగినా, మింగలేకపోయినా, జ్వరం వచ్చినా పరీక్ష ఉన్నా సరే ఆస్పత్రికే పో.

ప్రశ్న: నైట్ గార్డ్ అనేవి ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తున్నాయి. వేడినీళ్ళలో ముంచి కొరికితే పళ్ళకు సరిపోతాయట. కొనొచ్చా? (గుంతకల్లు)

జవాబు: కొన్ని రోజులకైతే ఫరవాలేదు గానీ నెలల తరబడి దాన్నే పెట్టుకోకండి. మెత్తగా ఉండేవి నమలబుద్ధి పుట్టించి కొందరిలో పళ్ళు కొరకడం ఇంకా పెంచుతాయి, అన్ని పళ్ళనూ కప్పని చిన్నవైతే వరసే మారిపోవచ్చు. దంత వైద్యుడు అచ్చు తీసి చేసే గట్టి గార్డ్ పై పళ్ళన్నిటినీ కప్పుతుంది, నాలుగైదు వారాలకోసారి చూసి సరిచేస్తారు. అది పెట్టుకున్నాక పొద్దున పళ్ళు సరిగ్గా కలవకపోతే, నొప్పి పెరిగితే తీసేసి వెళ్ళి చూపించండి. రోజూ పొద్దున బ్రష్‌తో చల్లటి నీళ్ళలో కడిగి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి, వేడినీళ్ళు పోస్తే వంకర పోతుంది.